మూడో పుస్తకం ఎవరికి చూపించాలి

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు రికార్డు గదిలో పుస్తకాలను పేర్లతో పిలవరు, అంకెలతో పిలుస్తారు. పొలాలు, ఇళ్ళు, స్థలాల దస్తావేజులు ఒకటో పుస్తకంలోకి ఎక్కుతాయి. రిజిస్టరు చెయ్యమని నిరాకరించిన కాగితాల వివరం, నిరాకరించిన కారణం రెండో పుస్తకం. వీలునామాలు, దత్తత అధికార పత్రాలు మూడోది. స్థిరాస్తితో సంబంధం లేని ఒప్పందాలు, దత్తత దస్తావేజుల్లాంటివి నాలుగోది. సీలు వేసిన కవరులో భద్రపరచమని ఇచ్చే వీలునామాల పద్దు ఐదోది. అది జిల్లా రిజిస్ట్రారు దగ్గరే ఉంటుంది.

వీటిలో ఏది ఎవరికి చూపించాలో 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్లో ఉంది. ఒకటి, రెండు పుస్తకాలు ఎవరడిగినా చూపించాలి, నకలు ఇవ్వాలి. నాలుగో పుస్తకంలో ఉన్నదాని నకలు రాసిచ్చినవాళ్ళకు, దానికింద హక్కు ఉన్నవాళ్ళకు, వాళ్ళ ప్రతినిధులకు మాత్రమే ఇస్తారు. మూడో పుస్తకం సంగతి ఇంకా గట్టిది. వీలునామా రాసినవాళ్ళు బతికున్నంతకాలం వాళ్ళకూ వాళ్ళ ఏజెంటుకూ తప్ప ఇంకెవరికీ నకలు లేదు. పైగా మూడు, నాలుగు పుస్తకాల్లో వెతికే పని రిజిస్టరు చేసే అధికారి స్వయంగా చెయ్యాలి. గుమాస్తా చేత వెతికించకూడదు.

నేను జూనియర్ అసిస్టెంటుగా చేరిన కొత్తలో, రిటైర్మెంటుకు దగ్గరపడిన ఒక హెడ్ గుమాస్తాగారు ఈ సెక్షన్ నాకు నేర్పారు. "ఒకటో పుస్తకం అడిగినవాడి ఫీజు చూడమ్మా, మొహం చూడకు. మూడో పుస్తకం అడిగినవాడి మొహం చూడు, తరువాతే ఫీజు" అన్నారు. తరువాత నేను గోదావరి జిల్లాల్లో సబ్ రిజిస్ట్రారుగా పని చేశాను. ప్రభుత్వం దగ్గరున్న మన కాగితాన్ని మనమే అడిగినప్పుడు, ఆ అడుగుతున్నది మనమేనని ఎవరు చెప్పాలి, ఏ ఆధారంతో చెప్పాలి అనే ప్రశ్నతో రోజూ పని పడేది. ఆ ప్రశ్న మా శాఖలో ఎలా పుట్టిందో, ఎన్ని రూపాలు మారిందో తెలిస్తే ఈ రోజు కౌంటరు దగ్గర నిలబడేవాళ్ళకు ఉపయోగమని ఇది రాస్తున్నాను.

అసలు భూముల పుస్తకాన్ని అందరి ముందూ ఎందుకు తెరిచిపెట్టారు? ఒకే పొలాన్ని ఇద్దరికి తాకట్టు పెట్టడం, అమ్మేసిన ఇంటినే మళ్ళీ అమ్మడం అప్పటి పెద్ద బెడద. మద్రాసు రాజధానిలో 1802 నాటి 17వ రెగ్యులేషన్‌తో జిల్లా కోర్టుల దగ్గర దస్తావేజులు నమోదు చేసే ఏర్పాటు మొదలైంది. దేశమంతటికీ వర్తించే మొదటి చట్టం 1864లో వచ్చింది. దాన్ని 1866లో, 1871లో, 1877లో తిరగరాసి, చివరికి 1908లో ఇప్పుడున్న రూపానికి తెచ్చారు. కొనేవాడు ముందుగా వచ్చి, ఈ పొలం మీద ఏ తాకట్టుందో, ఎవరి పేరన ఉందో చూసుకోగలగాలి. చూడబోయేవాణ్ణి నువ్వెవరని నిలదీస్తే ఆ రక్షణే పోతుంది. ఇంకా కొనలేదు కాబట్టి తనకు సంబంధం ఉందని అతను ఎలా రుజువు చేస్తాడు? అందుకే ఆ పుస్తకం దగ్గర ఎవరనే ప్రశ్న లేకుండా చేశారు. అప్పుడు ఆ చట్టం రాసినవాళ్ళు బాగా ఆలోచించారని నా నమ్మకం.

ఇక కాగితం రాసిచ్చే మనిషి ఎవరో మాత్రం మొదటి రోజు నుంచీ అడుగుతూనే ఉన్నారు. దస్తావేజులో మనిషిని ఎలా రాయాలో చట్టమే చెప్పింది: నివాసం, వృత్తి, హోదా, తండ్రి పేరు. మనదేశపువాళ్ళయితే కులం కూడా. ఆ కులం మాటను 1956లో చట్టం నుంచి తీసేశారు. తల్లి పేరుతో పిలవబడే మనిషైతే తల్లి పేరు రాయవచ్చని కూడా అక్కడే ఉంది. పాత సంపుటాలు తిరగేస్తున్నప్పుడు కళావంతుల కుటుంబాల స్త్రీల దస్తావేజుల్లో తల్లి పేరే కనిపించేది. తండ్రి పేరు లేదని ఏ అధికారీ ఆ కాగితం తిప్పి పంపలేదు. వాళ్ళ పొలం, వాళ్ళ ఇల్లు, వాళ్ళ పేరునే చక్కగా రిజిస్టరయ్యాయి. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది.

తండ్రి పేరూ ఊరూ వృత్తీ ఉన్నా మా వైపు పని తేలేది కాదు. తాత పేరు పెట్టుకోవడం ఆనవాయితీ. అన్నదమ్ముల పిల్లలు ముగ్గురికీ సత్యనారాయణే పేరు. ఇంటిపేరు ఒకటే, ఊరు ఒకటే, వృత్తి వ్యవసాయమే. ఊళ్ళో వాళ్ళు పెద్ద సత్యం, చిన్న సత్యం, చెరువుగట్టు సత్యం. కాగితంలో మాత్రం ముగ్గురూ ఒక్కటే.

అందుకే దస్తావేజు వెనక రాసే భాగంలో మనుషుల సాక్ష్యం ఉండేది. అక్కడ వరుసగా మూడు సంగతులు రాస్తాం. పగలు ఫలానా గంటల మధ్య దాఖలు చేసి రుసుము చెల్లించినది ఎవరు, వ్రాసి యిచ్చినట్టు ఒప్పుకొన్నది ఎవరు, ఆ మనిషి ఆ మనిషేనని నిరూపించినది ఎవరు. మూడోదాని కింద రెండు సంతకాలు. 34వ సెక్షన్ ప్రకారం తన ముందు నిలబడిన మనిషి ఎవరో రిజిస్టరు చేసే అధికారి తృప్తిపడాలి. తనకు స్వయంగా తెలిసిన మనిషైతే సరే. పదిహేను ఇరవై ఊళ్ళకు ఒక ఆఫీసు, బదిలీల మీద వచ్చే అధికారి. ఆయనకు ఎవరు తెలుస్తారు? కాబట్టి ఆ మనిషిని ఎరిగిన ఇద్దరు వచ్చి చెప్పాలి.

ఆ ఇద్దరిలో ఒకరు చాలాసార్లు ఊరి కరణం. ఏ సర్వే నెంబరు ఎవరి సాగులో ఉందో, ఎవరి తాత పేరు ఎవరికి పెట్టారో, ఎవరి పెద్ద కొడుకు బర్మా పోయి తిరిగి రాలేదో ఆయనకు తెలుసు. దానితోపాటు బలం కూడా ఆయన చేతికి వచ్చింది. కరణానికి ఇష్టం లేని మనిషి తన సొంత కాగితం తీసుకోవడానికి ఆఫీసుకు రావాలంటే మరో ఇద్దరిని బతిమాలి తెచ్చుకోవాల్సి వచ్చేది. 1984లో ఆ పదవులు రద్దయ్యాయి. రద్దు చెయ్యడం మంచిదే. కానీ అందరినీ ఎరిగిన మనిషి స్థానంలోకి ఎవరూ రాలేదు. కొన్నిచోట్ల ఆఫీసు అరుగు మీద పొద్దున్నుంచీ కూర్చుని, అడిగినవాళ్ళందరికీ నిరూపణ సంతకం పెట్టే మనుషులు తయారయ్యారు. పది నిమిషాల క్రితం వరకూ మొహం చూడని మనిషిని ఎరుగుదునని సంతకం పెట్టడం ఎంత ప్రమాదమో నేను వాళ్ళకు ఎన్నోసార్లు చెప్పాను. ఒకరి పేరుతో మరొకరు వచ్చి నిలబడితే 82వ సెక్షన్ కింద ఏడేళ్ళ దాకా జైలు. తోడ్పడినవాళ్ళకూ అదే.

మనుషుల మాట చాలదని తేలాక వేలిముద్ర వచ్చింది. దాని పుట్టుక మన దేశంలోని ఆఫీసుల్లోనే. బెంగాల్లో జంగీపూర్ అనే చోట విలియం హెర్షెల్ అనే కంపెనీ ఉద్యోగి 1858 జులైలో రోడ్డుకు కంకర సరఫరా చేసే రాజ్యధర్ కొనాయ్ అనే కాంట్రాక్టరు చేత ఒప్పందం రాయించుకున్నాడు. తన ఆఫీసు సీలుకు వాడే నూనె సిరా కొనాయ్ అరచేతికి పూసి, కాగితం వెనక అద్దించాడు. సంతకం నాది కాదని తరువాత తప్పించుకోకుండా భయపెట్టడం అతని ఉద్దేశం. గీతలు మనిషి మనిషికీ వేరుగా ఉండటం, ఏళ్ళు గడిచినా మారకపోవడం తరువాత నెమ్మదిగా గమనించాడు. 1877లో హుగ్లీ మేజిస్ట్రేటుగా ఉన్నప్పుడు మూడు చోట్ల దీన్ని అమలు చేశాడు: పెన్షన్లు ఇచ్చే చోట, జైల్లో, రిజిస్ట్రేషన్ ఆఫీసులో. పెన్షనుదారు చనిపోయాక అతని పేరుతో మరొకరు వచ్చి డబ్బు తీసుకోకుండా మొదటిది, శిక్ష పడ్డవాడి బదులు ఇంకొకడు జైలుకు రాకుండా రెండోది, దస్తావేజు నేను రాయలేదనే మాట రాకుండా మూడోది. అన్ని జిల్లాల్లో పెట్టమని పైవాళ్ళకు ఉత్తరం రాస్తే అప్పట్లో పట్టించుకోలేదు. ఇరవై ఏళ్ళ తరువాత, 1897లో, కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వచ్చింది. ముద్రలను వర్గాలుగా విడదీసే లెక్క కుదిర్చింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం వాళ్ళ పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి వచ్చింది. 1899లో సాక్ష్య చట్టాన్ని సవరించి వేలిముద్ర నిపుణుల అభిప్రాయం కోర్టులో చెల్లేట్టు చేశారు.

అనుమానంతో పుట్టిన పద్ధతి ఇది. మనవాళ్ళు అబద్ధాలాడతారన్న నమ్మకం దాని వెనక ఉంది. అది మరిచిపోకూడదు. అయినా సంతకం రాని ఆడవాళ్ళకు, కూలీలకు ఇది చేసిన మేలు నేను కళ్ళారా చూశాను. అంతకుముందు వాళ్ళ గుర్తు కాగితం మీద ఒక అడ్డగీత, లేదా కత్తెర గుర్తు. పక్కన లేఖరి 'ఫలానావారి నిశానీ' అని రాసేవాడు. ఆ గీత ఎవరైనా గియ్యవచ్చు. బొటనవేలి ముద్ర పడ్డాక, అత్తింటివాళ్ళు కల్పించిన కాగితాన్ని కోర్టులో కొట్టేయించిన ఆడవాళ్ళు ఉన్నారు. ఆఫీసులోని వేలిముద్రల రిజిస్టరు కోర్టుకు పంపేటప్పుడు దాన్ని గుడ్డలో చుట్టి, సీలు వేసి, మనిషినిచ్చి పంపేవాళ్ళం.

ముద్ర తియ్యడం ఒక విద్య. మా అటెండరుకు అది బాగా వచ్చు. వచ్చిన మనిషి ఎడమచేతి బొటనవేలు ముందు తడిగుడ్డతో, తరువాత పొడిగుడ్డతో తుడిచేవాడు. తమలపాకులకు సున్నం రాసుకునేవాళ్ళ వేలి సందుల్లో సున్నం ఎండి ఉంటుంది, అది పోవాలి. తరువాత సిరా పలక మీద వేలిని గోరు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా దొర్లించి, అలాగే కాగితం మీద ఒక్కసారి దొర్లించేవాడు. వెనక్కి తిప్పితే గీతలు రెండుపడి పాడవుతాయి. నొక్కితే మసి మరకవుతుంది. "చెయ్యి నాకొదిలెయ్యండి, మీరు బిగపట్టకండి" అని ప్రతి మనిషికీ చెప్పేవాడు. ఎడమచేతికి పని తక్కువ కాబట్టి గీతలు తక్కువ అరుగుతాయని మా ఆఫీసుల్లో అనుకునేవాళ్ళం. కానీ ఊడ్పుల్లో నారు ఎడమచేతిలోనే ఉంటుంది. కొబ్బరి పీచు తీసేవాళ్ళకు రెండు చేతులూ ఒకటే. ఎన్నో బొటనవేళ్ళు నున్నగా అరిగిపోయి ఉండేవి.

అలా అరిగిన వేలితో ఒకావిడ నాలుగో పుస్తకంలోని నకలు కోసం వచ్చింది. చాలా ఏళ్ళ క్రితం ఆమె, భర్త కలిసి ఒక పిల్లాణ్ణి పెంచుకుంటూ రాయించుకున్న దత్తత దస్తావేజు అది. అసలు కాగితం తుఫానులో పోయింది. ఆమె వేలిముద్ర తీసి రిజిస్టరులో పాతదానితో పోలిస్తే కొత్తదాంట్లో గీతలే లేవు. ఊరి నుంచి ఎరిగినవాళ్ళు ఇద్దరిని తీసుకురమ్మన్నాను. "నా కొడుకుని నేను పెంచుకున్న కాగితం నాకివ్వడానికి ఈళ్ళిద్దరూ ఎందుకండీ?" అంది. ఆమె మాటలో న్యాయముంది. అయినా ఆ దస్తావేజు ఆ పిల్లాడి పుట్టుక సంగతి చెబుతుంది. రేపు ఆస్తి తగాదాలో దాయాదులు అదే కాగితం కోసం, అదే పేరు చెప్పి, ఇంకో ముసలావిణ్ణి తీసుకొచ్చి నిలబెట్టగలరు. ఆ సంగతి ఆవిడకు విడమరిచి చెప్పాను. మర్నాడు దత్తత నాడు పీటల మీద ఉన్న ఒక పెద్దాయన్ని, పొరుగింటి కోడల్ని తీసుకొచ్చింది. నకలు ఇచ్చాను.

వీలునామాల దగ్గర మాత్రం ఎరిగినవాళ్ళు వందమంది వచ్చినా పని జరగదు. ఒకసారి తెల్లబట్టల పెద్దమనిషి ఒకాయన వచ్చి, తన తండ్రిగారు మా ఆఫీసులో వీలునామా రిజిస్టరు చేయించారని, నకలు కావాలని అడిగాడు. తండ్రి ఉన్నారు, మంచం మీద ఉన్నారు. కొడుకే అని నాకు తెలుసు, ఊరంతటికీ తెలుసు. ఇవ్వడం కుదరదన్నాను. "పోనీ ఉందో లేదో చెప్పండి, చాలు" అన్నాడు. అది కూడా చెప్పకూడదు. ఉందంటే ఆ రాత్రే ఆ మంచం చుట్టూ ఏం మాట్లాడతారో మాకు తెలుసు. లేదంటే రాయించుకోవడానికి కలం కాగితం పట్టుకుని కూర్చుంటారు. కావాలంటే తండ్రిగారే దరఖాస్తు పెట్టాలని, కదలలేకపోతే ఏజెంటును పెట్టుకోవచ్చని చెప్పాను. ఆయన చాలా కోపంగా వెళ్ళిపోయాడు. తండ్రి నుంచి దరఖాస్తు రాలేదు.

ఈ రహస్యాన్ని చట్టం సూచికలో కూడా కాపాడింది. మూడో పుస్తకానికి ఉండే మూడో సూచికలో వీలునామా రాసినవారి పేరు, దాన్ని అమలు జరిపేవారి పేరు ముందే ఎక్కిస్తారు. ఆస్తి ఎవరికి చెందుతుందో ఆ పేర్లు మాత్రం రాసిన మనిషి చనిపోయిన తరువాతే ఎక్కించాలి, అంతకుముందు కూడదని 55వ సెక్షన్లో స్పష్టంగా ఉంది. మన దగ్గర జమీందారీ కుటుంబాల్లో దత్తత అధికార పత్రాలు కూడా ఇదే పుస్తకంలోకి వచ్చేవి. పిల్లలు లేని భర్త, తాను పోయాక భార్య ఒక పిల్లాణ్ణి దత్తత తీసుకోవచ్చని రాసిచ్చే కాగితం అది. భర్త ఉండగా దాని సంగతి దాయాదులకు తెలిస్తే ఆ ఆడమనిషి ఆ ఇంట్లో ఎలా బతకాలి? 1956లో దత్తత చట్టం వచ్చి, భర్త అనుమతి పత్రం లేకుండానే వితంతువు దత్తత తీసుకోవచ్చన్నాక ఆ కాగితాలు ఆగిపోయాయి.

వీలునామా రాసిన మనిషి చనిపోగానే ప్రశ్న పూర్తిగా తిరగబడుతుంది. అప్పటిదాకా నువ్వెవరని అడిగిన ఆఫీసు ఆ తరువాత అది అడగదు. నకలు ఎవరడిగినా ఇవ్వాలి. అడగవలసింది ఒక్కటే, ఆ మనిషి నిజంగా చనిపోయారా అని. ఇది చాలామందికి తెలియదు. వారసుడినని నిరూపించే ధ్రువపత్రం కోసం నెలల తరబడి తిరిగి, అది లేక నకలు అడగకుండా ఊరుకున్న ఆడపిల్లలు నాకు తెలుసు. వాళ్ళకు కావలసింది తండ్రి మరణ ధ్రువపత్రమే.

1998లో ఆంధ్రప్రదేశ్‌లో కార్డ్ పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి కంప్యూటర్లు వచ్చాయి. అంతవరకూ ప్రతి దస్తావేజునీ గుమాస్తాలు చేత్తో సంపుటాల్లోకి ఎక్కించేవాళ్ళు. ఆస్తి మీద ఉన్న తాకట్లూ అమ్మకాలూ చూపించే ధ్రువపత్రం, ఈసీ, కావాలంటే ఏడాదికొక సూచిక చొప్పున దించుకుని వేలితో వెతకాలి. ఇప్పుడు 1983 నుంచి ఉన్న లావాదేవీలు కంప్యూటర్లో నిమిషాల్లో వస్తాయి, అంతకుముందువి కావాలంటే పాత సూచికలే గతి. 2001లో చట్టానికి 32ఎ సెక్షన్ చేర్చి, కాగితం దాఖలు చేసేవాళ్ళ ఫొటో, వేలిముద్రలు దస్తావేజు మీదే ఉండాలన్నారు. స్థిరాస్తి అమ్మకమైతే కొన్నవాళ్ళవీ అమ్మినవాళ్ళవీ రెండూ. మనిషి మొహం మొదటిసారి కాగితం మీదికి వచ్చింది. ఒకరి బదులు ఒకరు నిలబడటం దాంతో బాగా కష్టమైంది. ఇది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.

నన్ను బాధపెడుతున్నది వేరే. ఎక్కడ ఎవరని అడగాలో, ఎక్కడ అడగకూడదో పాత చట్టానికి ఉన్న వివేకం ఇప్పటి కౌంటర్ల దగ్గర చెదిరిపోతోంది. రిటైరయ్యాక ఒక ఆఫీసులో ఒకటో పుస్తకం నకలు కోసం వెళ్ళిన బంధువుల అమ్మాయిని, ఆ పొలంతో నీకేం సంబంధం, ఆధార్ చూపించు అన్నారు. ఆమె కొనబోయే పొలం అది. సంబంధం లేదు కాబట్టే చూసుకోవడానికి వెళ్ళింది. మరోపక్క అధికారి స్వయంగా వెతకాలని చట్టం చెప్పిన మూడు, నాలుగు పుస్తకాలు కూడా కంప్యూటర్లోకి వచ్చాక, ఆ తెర తెరిచిందెవరు అన్నది కాగితం రాసిన మనిషికి తెలిసే దారి ఉండాలి. నా వీలునామా మీద ఎవరైనా వెతికితే, వెతికినవారి పేరు, తేదీ నేను అడిగితే నాకు చెప్పాలి. అడిగేవాడి గుర్తింపు ఎంత ముఖ్యమో, లోపల కూర్చుని చూసేవాడి గుర్తింపూ అంతే ముఖ్యం.

నకలు దరఖాస్తులు రాయించుకోవడానికి మా వీధివాళ్ళు ఇప్పటికీ నా దగ్గరకు వస్తారు. ముందు ఏ పుస్తకమో అడుగుతాను. ఒకటోదైతే దస్తావేజు నెంబరు, సంవత్సరం, ఆఫీసు పేరు, ఫీజు చాలంటాను. నెంబరు తెలియకపోతే పేరు మీదా సర్వే నెంబరు మీదా వెతకమని అడగవచ్చని చెబుతాను. నాలుగోదైతే గుర్తింపు కాగితంతోపాటు దస్తావేజులో మీ పేరు ఎలా పడిందో అలాగే దరఖాస్తులో రాయమంటాను, పెళ్ళికి ముందు ఇంటిపేరుతో ఉంటే రెండూ రాయమంటాను. మూడోదైతే, రాసినవారు ఉన్నారా అని అడుగుతాను. ఉన్నారంటే వారినే తీసుకురమ్మంటాను. లేరంటే మరణ ధ్రువపత్రంలో పేరు, తండ్రి పేరు వీలునామాలో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూస్తాను. సత్యనారాయణ ఒకచోట, సత్యనారాయణమూర్తి ఒకచోట ఉంటే నకలు కంటే ముందు పురపాలక సంఘానికో పంచాయతీకో వెళ్ళి, ధ్రువపత్రంలో పేరు సరిచేయించుకునే దరఖాస్తు రాసిస్తాను.